ఎర్రగా వచ్చింది, ఆగిపోయింది

నల్లగొండ జిల్లాలో ఏ రోగానికైనా రెండు కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఒకటి వేడి, రెండోది నీళ్లు. మోకాళ్లు నొచ్చినా, జుట్టు ఊడినా, కడుపు ఉబ్బినా ఈ రెండింటిలో ఏదో ఒకదాని ఖాతాలో రాసేస్తాం. మూత్రంలో నెత్తురు పడినా అంతే. ఎండాకాలమైతే వేడి చేసిందంటారు, వానాకాలమైతే నీళ్లు పడలేదంటారు. దేవరకొండ దగ్గర ఉండే మా మేనమామకు మొదటిసారి మూత్రం ఎర్రగా వచ్చింది ఉగాది వెళ్లిన వారానికి. కాబట్టి అది వేడే అయింది. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ, వాటితో పాటు ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు వేసిన ఇంజెక్షన్లు. నాలుగో రోజుకు మూత్రం మామూలు రంగుకు వచ్చింది. నొప్పి మొదటి నుంచీ లేదు. ఇంటిల్లిపాదీ ఆ సంగతే మరిచిపోయాం. దసరాకు మళ్లీ వచ్చింది, ఈసారి నెత్తురు గడ్డలతో.

ఆ ఆరు నెలలు ఎలా పోయాయని ఆలోచిస్తే నాకు దొరికినవి రెండే మాటలు. "నొప్పి లేదు కదా" అన్నది ఒకటి, "దానంతటదే ఆగిపోయింది కదా" అన్నది రెండోది. మేం వాటిని ధైర్యం చెప్పుకోవడానికి వాడాం. నడివయసు దాటిన మగవాడి నోట యూరాలజిస్టు, అంటే మూత్ర వ్యవస్థ వైద్యుడు, వినడానికి ఇష్టపడనివి సరిగ్గా ఈ రెండే. రాయి ఉంటే నొప్పి దాన్ని పట్టిస్తుంది, ఇన్‌ఫెక్షన్ ఉంటే మంట పట్టిస్తుంది. నొప్పీ మంటా జ్వరమూ లేకుండా నెత్తురు ఒక్కటే కనిపిస్తే, పరీక్షలు చేసి కాదని తేల్చేవరకు మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందేమోనని అనుమానించాలని వైద్య విద్యార్థులకు నేర్పుతారు.

కంటికి కనిపించేలా నెత్తురు పడిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు, ఆ మాట ముందే చెప్పాలి. వయసును బట్టి, పొగ అలవాటును బట్టి లెక్క మారుతుంది గానీ, స్థూలంగా ఇలాంటివారిలో నూటికి 10 నుంచి 20 మందిలో మూత్ర వ్యవస్థకు సంబంధించిన ఏదో ఒక క్యాన్సర్ బయటపడుతుంది. మిగతావారిలో రాయి, ఇన్‌ఫెక్షన్, పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి లాంటివి ఉంటాయి. కొందరిలో ఎంత వెతికినా ఏమీ దొరకదు. మనం ఏ లెక్కలోకి వస్తామన్నది మాత్రం ఇంట్లో కూర్చుని రంగు చూసి తేల్చుకునే విషయం కాదు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఎందరి ఎముకలను వంచిందో, ఎందరి పళ్లను గారపట్టించిందో చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే ప్రతి రోగానికీ వేలు అటే పోతుంది. ఫ్లోరైడ్ పట్టి పీడించేది ముఖ్యంగా పళ్లనూ ఎముకలనూ. మూత్రంలో నెత్తురు పడటం దాని గుర్తు కాదు. ఆ అపవాదు దాని మీద వేసి ఊరుకుంటే అసలు దొంగ తప్పించుకుంటాడు.

ముందు, అది నెత్తురేనా?

ఎర్రగా ఉన్నదల్లా నెత్తురు కాదు. బీట్‌రూట్ తిన్న మర్నాడు కొందరికి మూత్రం గులాబీ రంగులో వస్తుంది. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపు చేస్తుంది. చెమటకు, కన్నీళ్లకు కూడా ఆ రంగు వస్తుంది. మందు మొదలుపెట్టే రోజునే ఈ మాట చెప్పకపోతే రోగి హడలిపోయి మాత్రలు మానేస్తాడు. కామెర్లలో వచ్చే ముదురు రంగు వేరు, అది పసుపు తిరిగి డికాక్షన్‌లా ఉంటుంది, కళ్లు కూడా పచ్చబడతాయి.

పాలమూరు వాళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సింది ఇంకొకటి ఉంది. మట్టిపనికి, కాలువల పనికి, ఆనకట్టల పనికి దేశమంతా తిరిగిన జిల్లా అది. మండుటెండలో, అలవాటు లేని బరువు పని గంటల తరబడి చేస్తే కండరాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకీ అక్కడి నుంచి మూత్రంలోకీ దిగుతుంది. మూత్రం కొంచెంగా, కోలా పానీయం రంగులో వస్తుంది. ఒళ్లంతా పిండేసినట్టు నొప్పి ఉంటుంది. ల్యాబులో మూత్రంలో ముంచే పట్టీ దీన్ని కూడా రక్తమనే చూపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే ఎర్ర కణాలు కనిపించవు. నెత్తురు కాదన్నారని సంతోషించి ఇంటికి వచ్చేయకండి. కిడ్నీలు దెబ్బతినే పరిస్థితి అది, ఆ పూటే ఆసుపత్రిలో చేరి సెలైన్ పెట్టించుకోవాలి.

అందుకే పట్టీ ఒక్కటే చాలదు, సూక్ష్మదర్శిని పరీక్ష కావాలి. కంటికి కనిపించకుండా మూత్రంలో పోయే నెత్తురు అక్కడే పట్టుబడుతుంది. పెద్దగా చూపే అద్దం కింద ఒక్కో చోట 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్ర కణాలు ఉంటే పట్టించుకోవాల్సిందేనని అమెరికా యూరాలజిస్టుల ప్రమాణం. మన రిపోర్టులో అది "ఆర్‌బీసీ" అన్న వరుసలో ఉంటుంది. చాలాచోట్ల చూపు "పస్ సెల్స్" వరుస దగ్గరే ఆగిపోయి, చేతికి యాంటీబయాటిక్ చీటీ వచ్చేస్తుంది. దాని కింది వరుస కూడా చదవమని అడగడం మన హక్కు.

రంగు ముదురుగా ఉంటే జబ్బు పెద్దదని, లేతగా ఉంటే చిన్నదని లెక్క వేయడానికీ లేదు. లీటరు మూత్రంలో ఒక్క మిల్లీలీటరు నెత్తురు కలిసినా రంగు మారిపోతుంది. రంగు కంటే ధార ఎక్కువ సంగతులు చెబుతుంది. మొదట్లో మాత్రమే ఎర్రగా వచ్చి తర్వాత తేటపడితే నెత్తురు మూత్రనాళం నుంచి రావచ్చు. చివరి చుక్కల్లో వస్తే మూత్రాశయం మెడ, ప్రోస్టేట్ ప్రాంతం. మొదటి నుంచి చివరి దాకా ఎర్రగానే ఉంటే మూత్రాశయం గానీ, పైన కిడ్నీలు గానీ. నెత్తురు గడ్డలు వానపాముల్లా సన్నగా, పొడవుగా పడితే అవి కిడ్నీ నుంచి దిగే సన్నని గొట్టంలో పోత పోసుకుని వచ్చినవి. ఇవేవీ తీర్పులు కావు గానీ డాక్టరుకు దారి చూపిస్తాయి. సిగ్గుపడకుండా చూసుకోండి, వీలైతే ఫోనులో ఫొటో తీసుకోండి. ఆసుపత్రికి వెళ్లిన రోజున మూత్రం తేటగా ఉంటే ఆ ఫొటోయే సాక్ష్యం.

ఆగిపోవడం గడ్డ స్వభావమే

మూత్రాశయం లోపలి పొరలో పుట్టే గడ్డల్లో ఎక్కువ భాగం మొదట్లో కాలీఫ్లవర్ తునకలా, మెత్తని కుచ్చులుగా పెరుగుతాయి. ఒక్కో కుచ్చులో వెంట్రుకంత నెత్తురు నాళం ఉంటుంది. సంచి నిండి, కుంచించుకునే క్రమంలో ఎక్కడో ఒక కుచ్చు కొస చిరుగుతుంది. నెత్తురు వస్తుంది. శరీరం దాన్ని గడ్డకట్టించి మూసేస్తుంది. వారానికో, మూడు నెలలకో ఇంకో కొస చిరుగుతుంది. మధ్యలో మూత్రం మంచినీళ్లలా ఉంటుంది, గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మన ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు ఆ మూడు రోజుల్లో పడ్డాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆయన మోసం చేశాడని నేననను, ఆయన కూడా తన మందే పనిచేసిందని నమ్మాడు. అలా నమ్మడమే ఇక్కడ ప్రమాదం.

మగవారి విషయంలో ఇన్‌ఫెక్షన్ అన్న మాటను కూడా కాస్త అనుమానంగానే తీసుకోవాలి. ఆడవారిలో మూత్రనాళం పొట్టిది కాబట్టి క్రిములు సులువుగా లోపలికి చేరతాయి. మగవారిలో దారి పొడవు. అయినా ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే లోపల రాయో, పెరిగిన ప్రోస్టేటో మూత్రాన్ని నిలవ చేస్తూ ఉండవచ్చు. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, కోర్సు అయిపోయాక మళ్లీ మూత్ర పరీక్ష చేయించాలి. అప్పటికీ ఎర్ర కణాలు ఉంటే ఆ నెత్తురుకు వేరే కారణం ఉందన్నమాట.

గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారి ఇళ్లలో ఇంకో సమాధానం వినిపిస్తుంది: "రక్తం పలచబడే మాత్రల వల్లే." ఆ మాత్రలు చిల్లు పెట్టవు, ఉన్న చిల్లు నుంచి ఎక్కువ కారేలా చేస్తాయి. వాటిని వాడేవారికీ మామూలువారికి చేసే పరీక్షలన్నీ చేయాలన్నదే ప్రమాణం. అలాగని నెత్తురు చూసి భయపడి ఆ మాత్రలు సొంతంగా ఆపేయకూడదు, స్టెంటు మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది.

మూత్రాశయ క్యాన్సర్ ఆడవారికంటే మగవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. దానికి అన్నిటికంటే పెద్ద కారణం పొగ. సుమారు సగం కేసులు దాని పుణ్యమే. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా, మూత్రసంచితో దానికేం పని అని మా మామ కూడా అడిగాడు. పొగలోని విషాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కిడ్నీల ద్వారా మూత్రంలోకి వస్తాయి. మిగతా అవయవాల గుండా అవి పారిపోతాయి, మూత్రాశయంలో మాత్రం గంటల తరబడి నిలవ ఉంటాయి. రోజుకు అయిదారుసార్లు, ముప్పై నలభై ఏళ్ల పాటు, అదే పొరను నానబెడతాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా ఒకటే. ఇరవై ఏళ్ల కిందట మానేశానంటే ముప్పు తగ్గిన మాట నిజమే గానీ అది పూర్తిగా పోదు, డాక్టరు అడిగితే పాత లెక్క కూడా చెప్పాలి.

రంగుల అద్దకం పని చేసినవారూ చెప్పాలి. 1895లో జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు రంగుల కర్మాగారం కార్మికుల్లో మూత్రాశయ గడ్డలు రావడం గమనించాడు. కొన్ని రసాయన రంగుల్లోని ఆరోమాటిక్ అమీన్లు అనే పదార్థాలే దోషులని తర్వాత తేలింది. పొగాకు పొగలో ఉండేవీ ఆ కుటుంబానివే. మన దేశంలో బెంజిడీన్ ఆధారిత రంగులను 1990లలో నిషేధించారు. కానీ ఈ జబ్బు పని మొదలుపెట్టిన ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడే రకం. పోచంపల్లి, పుట్టపాక వైపు చిటికి కట్టి రంగుల్లో ముంచిన పాతతరం చేతులకు ఆ రోజుల్లో తొడుగులు ఎక్కడివి? అద్దకం చేసినవారందరికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. నెత్తురు పడితే మాత్రం వాళ్లు వేడి చేసిందని ఊరుకోకూడదు.

రాళ్లు, కల్లు, ఉలవలు

వేడి అన్న మాటలో నిజం లేకపోలేదు. మిర్యాలగూడలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో పొలంలో ఉన్న మనిషి తాగిన నీరంతా చెమటగా పోతుంది. మూత్రం చిక్కబడుతుంది, అందులోని లవణాలు గడ్డకట్టి రాయిగా మారతాయి. ఆ రాయి కిడ్నీ నుంచి దిగుతూ గొట్టంలో ఇరుక్కుంటే నడుము పక్క నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి, వాంతులు, దాంతో పాటు నెత్తురు. ఆ నొప్పి ఎరిగినవారు దాన్ని ఇంకో నొప్పితో పోల్చరు. మనిషి ఒకచోట కూర్చోలేడు, పడుకోలేడు.

కల్లు తాగితే రాయి జారిపోతుందని మన దగ్గర గట్టి నమ్మకం. పట్నంలో ఆ గౌరవం బీరుకు దక్కింది. రెండూ మూత్రాన్ని ఎక్కువ చేసేమాట నిజమే, ఆ పని నీళ్లు కూడా చేస్తాయి, తలనొప్పి లేకుండా. మద్యం ఆ తర్వాత ఒంట్లో నీటిని తగ్గిస్తుంది కూడా. ఉలవ కట్టు, కొండపిండి ఆకు తినడానికి నాకేమీ అభ్యంతరం లేదు, రుచిగానే ఉంటాయి. అయితే 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఎక్కువ భాగం వాటంతటవే పడిపోతాయి కాబట్టి, ఆ వారం ఏది తింటే దానికి పేరొస్తుంది. 10 మిల్లీమీటర్లు దాటిన రాయి ఏ ఆకుకూ లొంగే రకం కాదు.

నిజంగా పనిచేసేది మన పక్కనే ఉంది. నకిరేకల్ నిమ్మకాయ. నిమ్మజాతి పండ్లలోని సిట్రేట్ రాళ్లు కట్టకుండా కొంత అడ్డుపడుతుంది. ఉప్పు తగ్గించడం, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగడం అన్నిటికంటే ముఖ్యం. తాగిన లెక్క కాదు, వచ్చిన లెక్క. ఎండలో పనిచేసేవారు దానికి నాలుగు లీటర్లో, ఇంకా ఎక్కువో తాగాల్సి రావచ్చు. పాలు మానేయమని చెప్పేవారి మాట వినకండి, ఆహారంలో కాల్షియం మరీ తగ్గితే రాళ్లు కట్టించే ఆక్సలేట్ ఎక్కువగా ఒంటికి పట్టి రాళ్లు పెరుగుతాయి.

రాయి దొరికితే కథ అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. ఒకే మనిషిలో రాయీ ఉండవచ్చు, గడ్డా ఉండవచ్చు. కిడ్నీలో కదలకుండా కూర్చున్న 3 మిల్లీమీటర్ల రాయి మీద నెపం పెట్టి, అరవై ఏళ్ల చుట్ట తాగే మనిషిని ఇంటికి పంపేయడం సరికాదు.

ప్రోస్టేట్ గురించి క్లుప్తంగా చెబుతాను. అరవై దాటిన మగవారిలో సుమారు సగం మందిలో అది పెరిగి ఉంటుంది. ధార సన్నబడటం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, పూర్తిగా పోయలేదనిపించడం దాని గుర్తులు. దాని మీది నాళాలు చిట్లి నెత్తురు పడవచ్చు. అయితే మిగతావి లేవని తేలాకే దాన్ని కారణంగా ఒప్పుకోవాలి.

కుర్రవాళ్ల సంగతి వేరు. గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోలా రంగుకు తిరిగితే, ముఖం ఉబ్బితే, మూత్రం బాగా నురగ వస్తుంటే, ఇరవై అయిదేళ్లకే బీపీ ఎక్కువగా ఉంటే, లోపం కిడ్నీలోని జల్లెడలో ఉండవచ్చు. ఐజీఏ నెఫ్రోపతి లాంటి జబ్బులు ఇలా బయటపడతాయి. వీరు వెళ్లాల్సింది నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ వైద్యుడి దగ్గరికి. మూత్రంలో ప్రొటీన్, కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. నడుము నొప్పికి మెడికల్ షాపులో కొనే మాత్రలు ఈ కిడ్నీలను ఇంకా వేగంగా పాడు చేస్తాయి.

ఏ పూట పరుగెత్తాలి

వరి కోతల్లో, పత్తి చేలల్లో రక్తపింజర కాటు మనకు కొత్త కాదు. దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చంపేస్తుంది. పంటి చిగుళ్ల నుంచి, మూత్రంలో నెత్తురు వస్తుంది. చీకట్లో ఏదో గుచ్చుకుందని ఊరుకున్న మనిషికి కొన్ని గంటల తర్వాత మూత్రం ఎర్రగా వస్తే అది కాటే కావచ్చు. ఆసుపత్రిలో శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు, గడ్డకట్టకపోతే విషవిరుగుడు ఎక్కించాలి. మంత్రానికీ పసరుకూ ఆ సమయం ఇవ్వకండి.

అదే పూట వెళ్లాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. నెత్తురు గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయి పొత్తికడుపు రాయిలా బిగుసుకోవడం. రాయి నొప్పితో పాటు చలిజ్వరం రావడం, అంటే మూసుకుపోయిన కిడ్నీలో చీము పట్టిందని అర్థం, ఇది గంటల్లో విషమిస్తుంది. బండి మీద నుంచి పడ్డాక, నడుముకు దెబ్బ తగిలాక నెత్తురు రావడం. నెత్తురు పోతూ కళ్లు తిరగడం. వీటికి 108కి ఫోను చేయాల్సిందే.

ఇవేవీ లేకుండా ఒకసారి ఎర్రగా వచ్చి పోయినవారు పరుగెత్తనక్కర్లేదు, అలాగని పండగ దాకా ఆగకూడదు. ఇంగ్లండ్‌లో 45 ఏళ్లు దాటినవారికి ఇన్‌ఫెక్షన్ లేకుండా నెత్తురు కనిపిస్తే క్యాన్సర్ అనుమానం మీద అత్యవసరంగా, రెండు వారాల్లో నిపుణుడు చూసేలా పంపాలని 2023 దాకా నియమం ఉండేది. మనకు అలాంటి నియమం రాసిపెట్టి లేకపోయినా ఆ రెండు వారాల లెక్కను సొంతం చేసుకోవచ్చు.

అక్కడ ఏం చేస్తారన్న భయంతోనే సగం మంది ఆగిపోతారు. మూత్ర పరీక్ష, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ స్కానింగ్ జిల్లాలోనే అయిపోతాయి. స్కానింగ్‌లో ఏమీ లేదని రాగానే చాలామంది ఫైలు మూసేస్తారు. మూత్రాశయం గోడకు అంటుకుని పలచగా పాకిన గడ్డ, చిన్న గడ్డ స్కానింగ్‌కు దొరకకపోవచ్చు. లోపలికి చూడాలి. దానికే సిస్టోస్కోపీ. మూత్రం వచ్చే దారిలోనే మత్తు జెల్లీ వేసి, సన్నని గొట్టంలో కెమెరా పంపి చూస్తారు. వంగే గొట్టమైతే అయిదు పది నిమిషాల పని. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మంట ఉంటుంది, అంతకంటే ఘోరమైనదేమీ కాదు. పైన కిడ్నీల దాకా చూడాలంటే రంగు మందు ఎక్కించి సీటీ తీస్తారు.

ఖర్చు మాటకొస్తే, ఆరోగ్యశ్రీ మొదట పుట్టిందే ఇక్కడ. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకాన్ని ప్రారంభించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు పట్టుకుని హైదరాబాద్‌లో నిమ్స్‌కో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, ఉస్మానియాకో వెళ్లవచ్చు. ముందు జిల్లా ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిస్తే ఏ కాగితాలు కావాలో చెబుతారు.

మూత్రాశయ గడ్డల్లో నూటికి 70 దాకా, కండరంలోకి దిగకముందే, పై పొరలోనే ఉండగా దొరుకుతాయి. అప్పుడు కోత లేకుండా, మూత్రనాళం గుండానే వెళ్లి చెక్కి తీసేస్తారు. మళ్లీ మొలిచే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి బీసీజీ మందును వారానికోసారి, ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. అవును, పసిపిల్లల భుజం మీద మచ్చ పెట్టే ఆ క్షయ టీకాయే. కెనడా వైద్యుడు ఆల్వారో మొరాలెస్ 1976లో దీన్ని లోకానికి చెప్పాడు. ఆ క్రిమిని చూసి మూత్రాశయంలో చేరే రక్షక కణాలు గడ్డ కణాలను కూడా తరిమేస్తాయి. కండరంలోకి దిగాక మాత్రం తరచుగా సంచినే తీసేయాల్సి వస్తుంది, పేగుతో కొత్త దారి కట్టాలి. ఆరు నెలల ఆలస్యం అంటే ఏమిటో ఈ రెండింటి మధ్య దూరమే చెబుతుంది.

మా మామకు దొరికిన గడ్డ ఇంకా పై పొరలోనే ఉంది. అది మా తెలివి కాదు, ఆయన అదృష్టం. చుట్ట మానేశాడు, మానేసినట్టు నా ముందు చెబుతాడు. "అల్లుడూ, టీకా చంటిపిల్లలకు కదా, నాకెందుకేశారు?" అని ఇప్పటికీ అడుగుతాడు. మూడు నెలలకోసారి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి కెమెరా పరీక్ష చేయించుకోవాలి, రెండేళ్ల పాటు. వచ్చేసారి తేదీకి క్యాలెండరులో అత్తమ్మ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఉగాదికి రెండు రోజుల ముందు పడింది.